రెఫర్ చీటీ వెనక తొవ్వ కూడా రాయండి

వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, టీజీఎస్‌ఆర్టీసీ, హైదరాబాద్ మెట్రో రైలు అధికారులకు, నగరంలోని పెద్ద ప్రభుత్వ దవాఖానల సూపరింటెండెంట్లకు,

నమస్కారం.

పట్నానికి మొదటిసారి వచ్చే పల్లె మనిషి చార్మినార్ చూడ్డానికి రావడం తక్కువ. ఎక్కువ మంది జబ్బుతోనో, జబ్బు మనిషిని వెంటబెట్టుకునో వస్తారు. పట్నంలోని పెద్ద దవాఖానకు పొమ్మని ఏరియా దవాఖానో జిల్లా దవాఖానో ఇచ్చిన రెఫర్ చీటీ చేతిలో ఉంటుంది. దాని మీద రోగం పేరు ఇంగ్లిషులో, పోవాల్సిన దవాఖాన పేరు పొడి అక్షరాల్లో ఉంటాయి. ఎక్కడ దిగాలో ఉండదు. ఏ రోజు రావాలో, తిని రావాలో తినకుండా రావాలో, ఏ కాగితం అసలుది కావాలో ఏదీ ఉండదు. దవాఖానల దగ్గర ఇలాంటివాళ్లకు తొవ్వ చూపే పనిలో ఉన్నవాళ్లం మేము. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలం: ఈ మనుషులు పట్నంలో దారి తప్పడం లేదు. బస్సు ఎక్కే దగ్గరే తప్పుతున్నారు. అందుకే మీరు ఇక్కడ ఎన్ని బోర్డులు పెట్టినా లాభం సగమే. దారి చెప్పాల్సింది చీటీ రాసే చోట.

ముందు దిగే చోటు సంగతి.

జిల్లా బస్సు ఎక్కినవాళ్లు ఆఖరి స్టాపు దాకా కూర్చోవడం రివాజు. ఆఖరి స్టాపు చాలా బస్సులకు ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్), కొన్నింటికి జేబీఎస్ (సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్‌స్టేషన్), వరంగల్ వైపు కొన్నింటికి ఉప్పల్. కానీ వాళ్లు పోవాల్సిన దవాఖాన చాలాసార్లు దారిలోనే దాటిపోతుంది. తాండూరు, వికారాబాద్, పరిగి నుంచి వచ్చే బస్సు మెహిదీపట్నం మీదుగానే వస్తుంది. సరోజినీదేవి కంటి దవాఖాన అక్కడే ఉంది. కంటికి కట్టుతో ఉన్న ముసలామెను ఎంజీబీఎస్ దాకా తీసుకెళ్లి, మళ్లీ సిటీ బస్సులో అదే రోడ్డు మీద వెనక్కి తేవడం ఎందుకు? జహీరాబాద్, నారాయణఖేడ్, సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు, కూకట్‌పల్లి మీదుగా వచ్చే బస్సులు ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట దాటుకుంటూ పోతాయి. ఛాతీ దవాఖానకు పోయేవాళ్లు ఎర్రగడ్డలో, నిమ్స్‌కు పోయేవాళ్లు పంజాగుట్టలో దిగితే చాలు. కరీంనగర్, సిద్దిపేట వాళ్లు గాంధీకి పోవాలంటే జేబీఎస్‌లో దిగాలి. బస్సు ఎంజీబీఎస్ దాకా పోయేదైనా సరే, జేబీఎస్‌లోనే దిగాలి. అక్కడి నుంచి మెట్రోలో రెండో స్టేషనే గాంధీ హాస్పిటల్. సూర్యాపేట, నల్లగొండ వైపు నుంచి నిమ్స్‌కు వచ్చేవాళ్లకు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కడం ఒక పద్ధతి. పొద్దున తొమ్మిది దాటితే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట రద్దీలో బస్సు నత్తనడక నడుస్తుంది. పైన రైలు మాత్రం ఆ రోడ్డు మీదుగానే ఆగకుండా పోతుంది. వరంగల్ వాళ్లకు ఉప్పల్‌లోనే మెట్రో ఉంది. అమీర్‌పేటలో లైను మారితే ఆ పక్క స్టేషనే పంజాగుట్ట.

ఉస్మానియాకు మాత్రం ఎంజీబీఎస్సే సరైన చోటు. అఫ్జల్‌గంజ్ దవాఖాన అక్కడి నుంచి కిలోమీటరు అటూ ఇటూ. నడవగలిగినవాళ్లకు నడక దూరం. ఈ ముక్క తెలియనివాళ్లే బస్టాండు గేటు బయట ఆటోకు అడిగినంత ఇచ్చి ఎక్కుతారు.

ఆర్టీసీ అధికారులకు ఇక్కడ మా మొదటి విన్నపం. మీ జిల్లా బస్సుల కండక్టర్లకు దవాఖానల పేర్లన్నీ తెలుసు. అడిగినవాళ్లకు చెబుతారు కూడా. కానీ పల్లె మనిషి అడగడు. అడిగితే తెలియనివాడినని తేలిపోతుందని జంకుతాడు. మోసపోతానన్న భయమూ ఉంటుంది. అందుకే అడిగేదాకా ఆగొద్దు. నగర పొలిమేర దాటగానే ఒక్కసారి "దవాఖానకు పోయేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని గట్టిగా అడిగించండి. దీనికి జీవో అక్కర్లేదు. డిపో మేనేజరు గేటు మీటింగులో చెప్తే చాలు.

మెట్రో స్టేషన్ల పేర్ల దగ్గర జరిగే పొరపాట్లు వేరు. పేరు చదవడం వచ్చినవాళ్లే ఇందులో ఎక్కువగా పడతారు. ఎంజీబీఎస్‌లో రెండు లైన్లు కలుస్తాయి. ఎరుపు లైను మియాపూర్ – ఎల్బీనగర్, ఆకుపచ్చ లైను ఎంజీబీఎస్ – జేబీఎస్. గాంధీ దవాఖానకు పోవాల్సింది ఆకుపచ్చ లైనులో, ఆరో స్టేషన్. కానీ ఎరుపు లైనులో రెండో స్టేషన్ పేరు గాంధీ భవన్. పటం మీద గాంధీ అన్న మాట కనబడగానే ఎక్కేస్తారు, నాంపల్లి పక్కన దిగి దవాఖాన ఏదని అడుగుతారు. ఉస్మానియాది ఇలాంటి కథే. ఎంజీబీఎస్ తర్వాత స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజ్. అది కోఠిలో ఉన్న కాలేజీ. దవాఖాన అఫ్జల్‌గంజ్‌లో. ఎంజీబీఎస్‌లో దిగినవాళ్లు టికెట్టు కొని, రైలెక్కి, దవాఖానకు దగ్గరయ్యేది ఏమీ లేదు. ఇక ఆటోవాళ్లతో ఉత్త "ఉస్మానియా" అంటే యూనివర్సిటీకి కూడా తీసుకుపోవచ్చు. "అఫ్జల్‌గంజ్ దవాఖాన" అనమని చీటీలోనే రాయాలి.

రైల్లో వచ్చేవాళ్లకు సికింద్రాబాద్ దగ్గర ఇంకొకటి. సికింద్రాబాద్ ఈస్ట్ నీలి లైను, సికింద్రాబాద్ వెస్ట్ ఆకుపచ్చ లైను. గాంధీకి వెస్ట్ ఎక్కాలి, తర్వాతి స్టేషనే. స్టేషన్ బయటికి రాగానే కనిపించేది ఈస్ట్. అది ఎక్కితే నాగోల్ వైపో రాయదుర్గం వైపో పోతారు. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. అప్పటి నుంచి కొన్ని రైళ్లు అక్కడే ఆగిపోతున్నాయి. "రైలు హైదరాబాద్ పోతది" అని ఎక్కినవాళ్లకు చర్లపల్లిలో మెట్రో లేదన్న సంగతి దిగాక తెలుస్తుంది. టికెట్టు మీద స్టేషన్ పేరు చూసుకొమ్మని చీటీలో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

మెట్రో అధికారులు చేయగలిగింది చిన్నది. గాంధీ భవన్ స్టేషన్ పేరు కింద, ఎంజీబీఎస్ టికెట్ కౌంటర్ల దగ్గర తెలుగులో "గాంధీ దవాఖానకు ఇది దారి కాదు, ఆకుపచ్చ లైను ఎక్కండి" అని రాయించండి. ఉస్మానియా మెడికల్ కాలేజ్ దగ్గర కూడా అలాంటిదే. టికెట్టు ఇచ్చే సిబ్బంది "ఏ స్టేషన్?" అని అడగడం మాని "ఎక్కడికి పోవాలె?" అని అడిగితే సగం గొడవ తీరుతుంది. దవాఖానకని చెప్తారు కదా, అప్పుడు స్టేషన్ మీరే చెప్పొచ్చు.

మెట్రో ఎక్కడం రానివాళ్లకు మూడు చోట్ల ఇబ్బంది అవుతుంది. ఎస్కలేటర్ మొదటి మెట్టు దగ్గర ఆగిపోతారు, వెనకవాళ్లు తోస్తారు. చీర కుచ్చిళ్లు, వదులు చెప్పులు అందులో ప్రమాదం. ప్రతి స్టేషన్లో లిఫ్టు ఉంది, కానీ ఎస్కలేటర్ కనబడినట్టు లిఫ్టు కనబడదు. రెండోది గేటు. ఒక టికెట్టుకు ఒక్కరే పోవాలి. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లీ, వెనకే ముసలామె కలిసి దాటబోతే రెక్కలు మూసుకుంటాయి. దిగేటప్పుడు కూడా టికెట్టు కావాలని తెలియక పారేస్తారు. మూడోది, తప్పు వైపు ఎక్కడం. అటు పోయే రైలు, ఇటు పోయే రైలు వేర్వేరు ప్లాట్‌ఫారాల మీద ఆగుతాయి. తప్పు వైపు నిలబడితే కిందికి దిగి మళ్లీ ఇంకో వైపు ఎక్కాలి. మోకాళ్ల నొప్పితో వచ్చినవాళ్లకు ఆ దిగి ఎక్కడమే ఒక పెద్ద పని.

పొద్దున ఆరు లోపు మెట్రో ఉండదు. రాత్రి బస్సులో వచ్చి నాలుగింటికి ఎంజీబీఎస్‌లో దిగినవాళ్లు ఈ రెండు గంటలు ప్లాట్‌ఫారం మీదే ఉండాలి. బయటికి పోతే ఆటో బేరాలు, జేబుదొంగలు. బస్టాండులోనే, దీపాల కింద, నలుగురు కూర్చున్న చోట కూర్చోమని చీటీలో రాయడం తప్పేమీ కాదు.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు జిల్లాల్లో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. దీంతో మగతోడు లేకుండా పిల్లలను దవాఖానకు తెచ్చే తల్లులకు వెసులుబాటు దొరికింది. అది మంచిదే. అక్కడే రెండు చిక్కులు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అసలుది చూపాలి. జిరాక్సు, ఫోన్లో ఫొటో చెల్లవు. దవాఖానలో కార్డు పోతుందేమోనని అసలుది ఇంట్లో పెట్టి జిరాక్సు తెస్తారు, బస్సులో టికెట్టు కొనాల్సి వస్తుంది. రెండో చిక్కు, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సు ఉచితం కాబట్టి మెట్రో రైలు కూడా ఉచితమనుకోవడం. రైలుకు ఆడ, మగ అందరూ డబ్బు కట్టాలి. 2025 మే సవరణ ప్రకారం కనిష్ఠం 11 రూపాయలు, గరిష్ఠం 69. మెట్రో డీలక్స్ బస్సుకు కూడా టికెట్టు ఉంటుంది. చేతిలో డబ్బు తక్కువున్న తల్లికి బస్సే మంచిది, జబ్బు మనిషిని కూర్చోబెట్టి వేగంగా తీసుకుపోవాలంటే రైలు మంచిది. ఆ ఎంపిక వాళ్లు చేసుకోవాలంటే ముందే తెలియాలి.

సిటీ బస్సు బోర్డు మీద ఊరి పేరు చూసి ఎక్కేవాళ్లు మోసపోతారు. జిల్లా బస్సుకు పేరు చాలు, సిటీ బస్సుకు నంబరు కావాలి. సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం పోయే బస్సుల్లో 49ఎం పంజాగుట్ట మీదుగా పోతుంది, 5కె లక్డీకాపూల్ మీదుగా పోతుంది. రెండింటి మీదా మెహిదీపట్నమే రాసి ఉంటుంది. నిమ్స్‌కు పోయే మనిషి 5కె ఎక్కితే పంజాగుట్ట ఎప్పుడొస్తుందా అని చూస్తూ మాసబ్‌ట్యాంకు దాటిపోతాడు. పిల్లను తీసుకుని నీలోఫర్‌కు పోయేవాళ్లకు మాత్రం అదే 5కె సరైన బస్సు. ఇంకొకటి, సిటీ బస్సులో ఆడవాళ్లు ముందు తలుపు, మగవాళ్లు వెనక తలుపు. మొగుడూ పెళ్లాం విడివిడిగా ఎక్కుతారు. దిగాల్సిన స్టాపు ఒకరికే తెలిసి ఉంటుంది. ఒకరు దిగుతారు, ఇంకొకరు బస్సులోనే ఉండిపోతారు. ఇద్దరికీ కలిపి ఫోను ఒకటే ఉంటే ఆ పూటంతా ఒకరి కోసం ఒకరు వెతుక్కోవడమే. స్టాపు పేరు ఇద్దరి చేతుల్లోనూ కాగితం మీద ఉండాలి.

దారి సంగతి ఇంతటితో ఆపుతాం. దారి కంటే ఎక్కువ నష్టం చేసేవి రోజు, పూట, తిండి.

బోధనాసుపత్రుల్లో ఒక్కో విభాగంలో డాక్టర్లు యూనిట్లుగా ఉంటారు. ఏ యూనిట్‌కు వారంలో ఏ రోజు ఓపీ అన్నది ఖాయం. సోమవారం చూసిన డాక్టరుకు మళ్లీ చూపించుకోవాలంటే ఆ యూనిట్ ఓపీ రోజే రావాలి. "పది రోజులకు రా" అన్నారని సరిగ్గా పదో రోజు వస్తే అది వేరే యూనిట్ రోజు అవుతుంది. కొత్త డాక్టరు కొత్తగా మొదలుపెడతాడు, కాదంటే "మీ డాక్టరు రోజు రండి" అంటాడు. నూటయాభై కిలోమీటర్ల ప్రయాణం, కూలి పోయిన రోజు వృథా. డాక్టర్లు ఇన్ని రోజులని లెక్క చెప్పడం మానేసి వారం పేరు, తేదీ తెలుగులో రాస్తే ఈ బాధ సగం తగ్గుతుంది. యూనిట్ నంబరు, ఓపీ రోజు ఉన్న ఒక్క రబ్బరు స్టాంపు ఓపీ పుస్తకం అట్ట మీద కొట్టండి. స్టాంపు ఖర్చు ఎంతో మీకు మేము చెప్పక్కర్లేదు.

పూట సంగతి కూడా ఇలాంటిదే. ఓపీ చీటీలు పొద్దుటి పూటే ఇస్తారు. చీటీ తీసుకుని, విభాగం వెతుక్కుని, డాక్టరును చూసి, పరీక్ష రాయించుకుని, ఇంకో కౌంటర్లో ముద్ర వేయించుకుని, రక్తం ఇచ్చి, రిపోర్టు తీసుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి చేరేసరికి ఓపీ అయిపోతుంది. కాబట్టి మొదటిసారి వచ్చే రోగికి ఒక రాత్రి పట్నంలో గడపక తప్పదు. ఇది ముందే చెప్తే దుప్పటి, మందులు, రెండో రోజుకు డబ్బు తెచ్చుకుంటారు. చెప్పకపోతే సాయంత్రం బస్సుకు వెనక్కి పోయి, మర్నాడు మళ్లీ వస్తారు. లేదంటే రానే రారు. రిపోర్టు కౌంటర్లోనే ఉండిపోతుంది.

తిండి ఇంకా సూటి విషయం. కడుపు స్కానింగుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండాలి. తింటే పిత్తాశయం ముడుచుకుంటుంది, పేగుల్లో గాలి చేరుతుంది, స్కానింగులో సరిగా కనబడదు. పరగడుపు షుగర్ పరీక్షకు ఎనిమిది గంటలైనా కావాలి, మంచినీళ్లు తాగొచ్చు. పొత్తికడుపు స్కానింగుకు దీనికి తిరగేసి, మూత్రసంచి నిండా ఉండాలి. నాలుగింటికి బస్సెక్కిన మనిషి దారిలో బస్సు ఆగినచోట ఇడ్లీ తింటాడు, చాయ్ తాగుతాడు. పదింటికి స్కానింగు రాస్తే "తిన్నవా? రేపు రా" అంటారు. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఇది ప్రమాదం కూడా. పరగడుపున ఉండమన్నారని తినరు, అలవాటుగా ఇన్సులిన్ మాత్రం వేసుకుంటారు, లైనులో కళ్లు తిరిగి పడతారు. ఆ పొద్దున ఇన్సులిన్, మాత్రలు వేసుకోవాలా ఆపాలా అన్నది పంపే డాక్టరే చీటీ మీద రాయాలి. మాలాంటివాళ్లం చెప్పే మాట కాదది.

అసలు ఈ పరీక్షల్లో చాలా వరకు జిల్లాలోనే చేసి, రిపోర్టు చేతికిచ్చి పంపొచ్చు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు జిల్లాల్లోనూ ఉన్నాయి కదా. రక్తం, మూత్రం, క్రియాటినిన్ రిపోర్టులు వెంట ఉంటే పట్నంలో ఒక రోజు మిగులుతుంది. రంగు మందు ఎక్కించి తీసే సీటీ స్కానుకు ముందు కిడ్నీ పనితీరు చూస్తారు, ఆ క్రియాటినిన్ ఒక్కటి లేక ఆగిపోయేవాళ్లు ఎందరో.

కాగితాలు. రోగి ఆధార్, తోడొచ్చినవాళ్ల ఆధార్, ఆహార భద్రత కార్డు, మూడూ అసలువి, ఒక్కోదానికి మూడు జిరాక్సులు. ఊళ్లోనే తీయించుకుంటే తక్కువ, దవాఖాన గేటు ముందు ఎక్కువ. పాత రిపోర్టుతో పాటు ఎక్స్‌రే, సీటీ ఫిల్ములు కూడా తేవాలి. రిపోర్టు మాత్రమే తెస్తే డాక్టరు మళ్లీ తీయమంటాడు. ఫిల్ముల్ని మడతపెట్టి సంచిలో కుక్కొద్దు. వాడుతున్న మందుల పేర్లు గుర్తుండవు కాబట్టి ఖాళీ షీట్లైనా సరే తేవాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. కానీ ఆధార్‌లో ఒక పేరు, కార్డులో ఇంకో పేరు ఉంటే మంజూరు దగ్గరే ఆగుతుంది. కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండటం, పసిపిల్ల పేరు ఏ కార్డులోనూ లేకపోవడం మామూలే. పిల్లకు జనన ధ్రువపత్రం వెంట ఉండాలి. ఈ తేడాలను పంపే దవాఖానలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్య మిత్రే చూసి చెప్పగలరు. పట్నంలో తెలిస్తే సరిదిద్దడానికి మళ్లీ మండలానికే పోవాలి.

ఫోనుతో క్యూఆర్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే ఆభా (ఆరోగ్య ఖాతా నంబరు) పద్ధతి స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు లైను తప్పిస్తుంది. అయితే కొత్తగా ఆభా నంబరు తీయాలంటే ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆ సిమ్ము ఊళ్లో కొడుకు జేబులో ఉంటుంది. కొడుకేమో పొలంలో మోటరు దగ్గర. అందుకని ఆభా నంబరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే తీసి చీటీ మీద రాసి పంపండి.

ఆపరేషన్ ఖాయమని తెలిసి పంపేటప్పుడు ఇంకో మాట కూడా కావాలి. రక్తం అడగొచ్చు. పద్దెనిమిది నుంచి అరవై అయిదేళ్ల మధ్య, 45 కిలోలకు తగ్గని, నెత్తురు బాగున్న మనిషి ఒకరు వెంట ఉంటే మేలు. ముసలి భార్యను మాత్రమే తోడు తెచ్చుకున్నవాళ్లకు ఆ పూట దాత దొరకడం కష్టం. దవాఖాన బయట డబ్బుకు రక్తం ఇప్పిస్తామని వచ్చేవాళ్లు అప్పుడే దగ్గరికి చేరతారు.

ఇలా దగ్గరికి చేరేవాళ్ల గురించి కొంచెం చెప్పాలి. "ఇక్కడ బెడ్లు లేవు, మా దగ్గర ఆరోగ్యశ్రీ నడుస్తది, అంబులెన్స్ ఉత్తదే" అనేవాళ్లు, "స్కానింగు ఇక్కడ వారం పడ్తది, బయట వెంటనే" అనేవాళ్లు పెద్ద దవాఖానల గేట్ల దగ్గర తిరుగుతుంటారు. మనిషి చేతిలోని చీటీ, భుజం మీది సంచి, నెత్తి మీది తువాల చూసి పోల్చుకుంటారు. వాళ్లు తీయగా మాట్లాడతారు, తెలుగులో మాట్లాడతారు, వాళ్లంతట వాళ్లే వస్తారు. దవాఖాన సిబ్బంది ఈ మూడింటిలో రెండైనా చేయగలిగితే బ్రోకర్లకు పని ఉండదు. కోపంగా అంటున్న మాట కాదిది. ఆ సిబ్బంది మీద ఎంత ఒత్తిడి ఉందో చూస్తూనే ఉన్నాం. కానీ గేటు దగ్గర "మే ఐ హెల్ప్ యూ" అని ఇంగ్లిషు అక్షరాల బల్ల పెట్టి, దాని వెనక కుర్చీ ఖాళీగా ఉంచడం కంటే, "కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడ అడగండి" అని తెలుగులో, ఉర్దూలో రాసి, పొద్దున ఏడు నుంచి పన్నెండు దాకా ఒక మనిషిని నిలబెట్టడం మేలు. ఆ మనిషి కూర్చోకూడదు. కూర్చున్నవాళ్లను అడగడానికి పల్లె మనిషి జంకుతాడు.

లోపలి బోర్డుల విషయం పొడుగ్గా చెప్పం. "రేడియాలజీ" అని తెలుగు అక్షరాల్లో రాసినంత మాత్రాన తెలుగు కాదు. "ఎక్స్‌రే, స్కానింగు తీసే చోటు" అనండి. గది నంబర్లు పెద్దగా వేయండి. నేల మీద రంగు గీతలు గీసి "పచ్చ గీత పట్టుకుని పో" అంటే చదువు రానివాళ్లు కూడా చేరతారు. అరిగిపోతే మళ్లీ గీయండి, అంతే.

రాత్రి సంగతి. వార్డులో ఒక్కరినే ఉండనిస్తారు. మిగతావాళ్లు ఆవరణలో, చెట్ల కింద, బయట ఫుట్‌పాత్ మీద పడుకుంటారు. కొన్ని దవాఖానల దగ్గర జీహెచ్ఎంసీ రాత్రి బసలు ఉన్నాయి, 5 రూపాయల భోజనం ఉంది. కొత్తవాళ్లకు ఆ రెండూ ఎక్కడున్నాయో తెలియక పక్కనే పడుకుని, ఎదురుగా ఉన్న హోటల్లో తింటారు. 5 రూపాయల భోజనం మధ్యాహ్నం పెట్టినంతసేపే ఉంటుంది, ఆలస్యమైతే అయిపోతుంది. బస ఎక్కడ, ఆడవాళ్లకు ఉందా, లోపలికి ఎన్నింటి దాకా రానిస్తారు అన్నది అడ్మిషన్ కాగితం ఇచ్చే కిటికీ దగ్గరే చెప్పాలి. ఫోను చార్జింగు పెట్టుకునే చోటు ఒకటి ఉండాలి. ఫోను ఆరిపోతే ఈ మనుషులకు ఊరితో సంబంధం తెగిపోతుంది, నంబర్లు ఎవరికీ నోటికి రావు. డబ్బును రెండు చోట్ల దాచుకోవాలి, నంబర్లను కాగితం మీద రాసుకోవాలి, విడిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోవాలి. ఆశా కార్యకర్తలు ఇవన్నీ బాగా చెప్పగలరు, చెప్పమని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఇప్పుడు అసలు విన్నపం. రెఫర్ చీటీ వెనకవైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ తెలుగులో దారి అచ్చు వేయించండి. ఇది పెద్ద పనిలా కనిపిస్తుంది గానీ లెక్క చిన్నదే. జిల్లాలు 33 ఉన్నా పట్నంలోకి వచ్చే పెద్ద రోడ్లు తొమ్మిది: వరంగల్, విజయవాడ, సాగర్, శ్రీశైలం, బెంగళూరు, చేవెళ్ల, ముంబై, నాగ్‌పూర్ రోడ్లు, రాజీవ్ రహదారి. రెఫర్ చేసే పెద్ద దవాఖానలు ఒక పది: ఉస్మానియా, గాంధీ, నిమ్స్, నీలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్, సరోజినీదేవి, కోఠి ఈఎన్‌టీ, ఎర్రగడ్డ ఛాతీ, పేట్లబుర్జు ప్రసూతి, నల్లకుంట ఫీవర్. మొత్తం తొంభై దారులు. ఒక్కో జిల్లాకు ఒకటో రెండో రోడ్లే కాబట్టి, పంపే దవాఖాన ఏదైనా దానికి కావాల్సింది పది, ఇరవై రకాల చీటీలు మాత్రమే. అచ్చంపేట నుంచి గాంధీకి పోయే చీటీ ఇలా ఉండొచ్చు:

"గాంధీ దవాఖాన, ముషీరాబాద్. బస్సు ఆఖరి స్టాపు ఎంజీబీఎస్‌లో దిగండి. పక్కనే మెట్రో స్టేషన్. ఆకుపచ్చ లైను, జేబీఎస్ వైపు రైలు ఎక్కండి. ఆరో స్టేషన్ గాంధీ హాస్పిటల్. గాంధీ భవన్ వేరు, అక్కడ దిగొద్దు. మెట్రో రైలుకు ఆడవాళ్లు కూడా టికెట్టు కొనాలి. పొద్దున 8 లోపు ఓపీ లైనులో ఉండండి. రావాల్సిన వారం పేరు, తేదీ: ______. తిని రావాలి / తినకుండా రావాలి. పొద్దుటి మందులు: వేసుకోవాలి / వేసుకోవద్దు. ఆధార్, ఆహార భద్రత కార్డు అసలువి, పాత ఫిల్ములు తేవాలి. ఒక రాత్రి ఉండాల్సి రావచ్చు. తోడు ఒకరు. ఎవరైనా వేరే దవాఖానకు రమ్మంటే పోవద్దు. పంపిన నర్సు ఫోన్: ______."

అక్షరాలు పెద్దగా ఉండాలి, చత్వారం ఉన్నవాళ్లు చదివేంత. చదువు రానివాళ్లకు నర్సు ఒకసారి చదివి వినిపించి, తిరిగి చెప్పించుకోవాలి. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. "ఎక్కడ దిగుతవ్, చెప్పు" అంటేనే తెలుస్తుంది. రెండు కాపీలు ఇవ్వండి, రోగికి ఒకటి, తోడుకు ఒకటి. దయచేసి దీనికి యాప్ మాత్రం చేయొద్దు.

దారులు మారినప్పుడు చీటీ మారాలి. బస్సు ఆఖరి స్టాపు మారినా, రైలు చర్లపల్లికి మారినా, ఓపీ బ్లాకు మారినా పాత చీటీ మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. అందుకే ఆర్టీసీ నుంచి ఒకరు, మెట్రో నుంచి ఒకరు, ఆరోగ్య శాఖ నుంచి ఒకరు మూడు నెలలకొకసారి కూర్చుని ఈ తొంభై దారులను సరిచూడాలి. కింద అచ్చు వేసిన తేదీ ఉండాలి. ఉస్మానియాకు గోషామహల్‌లో కొత్త భవనం కడుతున్నారు. దవాఖాన అక్కడికి మారిన రోజున "ఎంజీబీఎస్ నుంచి నడక దూరం" అన్న మాట పనికిరాదు. ఆ చీటీని దవాఖాన కదలకముందే మార్చుకోవాలి.

ఒకేసారి రాష్ట్రమంతా పెట్టమని అడగం. నాగర్‌కర్నూల్, వికారాబాద్, సిద్దిపేట, ఈ మూడు జిల్లా దవాఖానల్లో మొదలుపెట్టండి. మూడూ మూడు వేర్వేరు రోడ్ల మీద ఉన్నాయి, తప్పులు తొందరగా బయటపడతాయి. చీటీలు అచ్చుకు పోకముందు మాకు చూపిస్తే ఒక పూటలో చదివి, ఎక్కడ మనిషి తికమకపడతాడో గుర్తుపెట్టి ఇస్తాం. ఇందుకు మాకు డబ్బేమీ వద్దు.

ఇట్లు,
దవాఖానల దగ్గర రోగులకు తొవ్వ చూపే పనిలో ఉన్నవాళ్లం,
హైదరాబాద్